ట్రెక్కింగ్ కర్రలు చేతిసంచిలో పెట్టుకుంటే శంషాబాద్‌లో పంపుతారా?

జడ్చర్ల పోరడు:

నమస్తే అన్నలూ, అక్కలూ. వచ్చే నెల ఇంట్ల ఐదుగురం శంషాబాద్ నుంచి డెహ్రాడూన్ పోతున్నం. అక్కడికెల్లి రిషికేశ్, జోషీమఠ్, గోవింద్‌ఘాట్, ఆ మీద పూలలోయ, హేమకుండ్. టికెట్లు సస్తాగ ఉన్నయని చెక్-ఇన్ బ్యాగు లేని రకం బుక్ చేసినం. అంటే మనిషికి 7 కిలోల చేతిసంచి, గంతే.

ట్రెక్కింగ్ పోల్స్ మూడు జతలున్నయి. రెండు జతలు అల్యూమినియంవి, ఒకదాంట్లొకటి దూరే మూడు ముక్కల రకం, మొత్తం లోపలికి నెడితే 62 సెం.మీ. ఇంకో జత కార్బన్, మడతపెట్టే రకం, మడిస్తే 37 సెం.మీ. ఇది చేతిసంచిల హాయిగ పడుతది.

నా డౌట్లు: మడత రకం క్యాబిన్‌ల పంపుతరా? మొనకు రబ్బరు టోపీ తొడిగితే సరిపోతదా? మా అమ్మకు 63 ఏండ్లు, మోకాళ్ళ నొప్పులున్నయి, ఒక పోల్ ఆమె చేతుల ఊతకర్ర లెక్క పట్టుకొని పోవచ్చునా? చెక్-ఇన్ బ్యాగు కొనక తప్పదంటే, కార్బన్‌ది విరగకుండ ఎట్ల కట్టాలె?

"ఏం గాదు పో" అనేటోళ్ళు ఎందుకు ఏం గాదో గూడ చెప్పుండ్రి.


నల్లమల బాట:

తమ్ముడూ, మడత రకమైనా మామూలు రకమైనా క్యాబిన్‌లోకి వద్దు. సంచిలో పట్టడం వేరు, సెక్యూరిటీ దాటడం వేరు. 55 సెం.మీ. పొడవు, 7 కిలోల బరువు అనేవి ఎయిర్‌లైన్ లెక్కలు. లోపలికి ఏ వస్తువు పోవచ్చో రాసేది బీసీఏఎస్, అంటే పౌర విమానయాన భద్రతా బ్యూరో. దాన్ని శంషాబాద్‌లో అమలు చేసేది సీఐఎస్‌ఎఫ్, అంటే కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం. ఎయిర్‌లైన్ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి సరేననిపించుకున్నా ఆ మాట ఎక్స్‌రే మిషను దగ్గర చెల్లదు.

నిషిద్ధ జాబితాలో ఆటసామాను వరుస చూడు: క్రికెట్ బ్యాట్, బేస్‌బాల్ బ్యాట్, హాకీ స్టిక్, గోల్ఫ్ కర్ర, బిలియర్డ్స్ కర్ర, స్కీ పోల్. ఇవన్నీ క్యాబిన్‌లో కూడదు, చెక్-ఇన్‌లో సరే. ట్రెక్కింగ్ పోల్ అని పేరు పెట్టి రాయలేదు కదా అని వాదించేవాళ్ళు ఉంటారు. స్కీ పోల్‌కూ దీనికీ ఉన్న తేడా అడుగున ఉండే చక్రం సైజు, పొడవు సర్దుకునే తాళం, అంతే. మంచులో నడిచేటప్పుడు పెద్ద చక్రం బిగిస్తే ఇదే దాదాపు స్కీ పోల్ అయిపోతుంది. ఆ వాదన పెట్టుకుని లైన్లో నిలబడి గెలిచేది లేదు. ఏ వస్తువునైనా ప్రమాదకరమనిపిస్తే ఆపే అధికారం అక్కడ నిలబడ్డ సిబ్బందికి ఉంది.

అసలు అభ్యంతరం రెండు విషయాల మీద. ఒకటి, కర్ర. చేతిలో ఇమిడే గట్టి గొట్టం, లాఠీలా వాడొచ్చు. రెండోది, మొన. మన దగ్గర ముల్లుగర్ర ఎరిగినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. ఎద్దును అదిలించే కర్రకు ముల్లు ఎలా ఉంటుందో, దీనికి కూడా చివర టంగ్‌స్టన్ కార్బైడ్ ముల్లు ఉంటుంది. రాయి మీద జారకుండా, అరగకుండా ఉండటానికి పెట్టింది అది.

రబ్బరు టోపీ సంగతి. ఎక్స్‌రే తెర మీద రబ్బరు, బట్ట, ప్లాస్టిక్, తిండి లాంటివి నారింజ రంగులో, లోహాలు నీలం రంగులో కనబడతాయి. కార్బైడ్ చాలా బరువైన పదార్థం కాబట్టి ముల్లు దాదాపు నల్లటి చుక్కలా పడుతుంది. పైన టోపీ ఉన్నా లోపలి ముల్లు దాగదు. పైగా ఆ టోపీ చేత్తో లాగితే ఊడి వస్తుంది. ఊడి వచ్చే మూత ఉన్నంత మాత్రాన చాకు చాకు కాకుండా పోదు కదా, ఇదీ అంతే. టోపీ తొడగడం మాత్రం మానకు. అది చెక్-ఇన్ బ్యాగులో మిగతా సామాను చిరగకుండా, లోడింగ్ కూలీల చేతికి గుచ్చుకోకుండా కావాలి.

ఇంకొందరు ఒక తెలివి చెప్తారు: మొన ఉన్న కింది ముక్క ఊడదీసి ఇంకొకరి చెక్-ఇన్‌లో వేసి, మొద్దుగా ఉన్న పై రెండు ముక్కలు చేతిసంచిలో పెట్టుకొమ్మని. చెక్-ఇన్ బ్యాగు ఎలాగూ ఉన్నప్పుడు మొత్తం కర్ర దాంట్లోనే వేయొచ్చు, ఈ సర్కస్ ఎందుకు?


సాగర్ రోడ్డు:

బాట అన్న చెప్పింది రూల్ ప్రకారం కరెక్టే. కానీ మడత రకానికి టోపీలు తొడిగి బట్టల నడుమ పెడితే, తెరిపించి చూసి పంపించుడు గూడ ఉంటది. అందరికీ ఆపరు. తక్కువ ధర జత అయితే ఒకసారి ప్రయత్నం చేసి చూడొచ్చు, పోతే పోయింది.


నల్లమల బాట:

పంపించినప్పుడు మంచిదే. ఆపితే ఏమవుతుందో కూడా లెక్క కట్టు.

చెక్-ఇన్ బ్యాగు లేనివాళ్ళు వెబ్ చెక్-ఇన్ చేసుకుని నేరుగా సెక్యూరిటీకి పోతారు. అక్కడ ఆపితే రెండే దార్లు. ఒకటి, అక్కడి డబ్బాలో వదిలేయడం. రెండు, వెనక్కి వచ్చి ఎయిర్‌లైన్ కౌంటర్‌లో డబ్బు కట్టి చెక్-ఇన్ చేయడం. చాలా ఎయిర్‌లైన్లు దేశీయ విమానాలకు గంట ముందే కౌంటర్ మూసేస్తాయి. సెక్యూరిటీ లైన్లో ముందుకు చేరేసరికి ఆ గంట దాటిపోయి ఉంటుంది. సెక్యూరిటీ దాటాక వెనక్కి రావాలంటే ఎయిర్‌లైన్ మనిషి తోడు రావాలి. సాగనంపడానికి వచ్చినవాళ్ళ చేతికిచ్చి ఇంటికి పంపుదామంటే వాళ్ళు టికెట్ లేకుండా టర్మినల్ లోపలికి రాలేరు. ఆసరికి వాళ్ళు జడ్చర్ల దారిలో రాయికల్ టోల్ దాటి ఉంటారు.

తిరుగు ప్రయాణం ఇంకోటి. శంషాబాద్‌లో వదిలేశారని డెహ్రాడూన్‌లో వదలాలని లేదు. లేహ్, శ్రీనగర్ వైపు పోయేవాళ్ళకైతే తనిఖీ మరీ గట్టి. ప్రయత్నించి చూడొచ్చు అనేది 500 రూపాయల కర్రకు చెల్లుతుందేమో. కార్బన్ జతకు చెల్లదు.


మక్తల్ అక్క:

అమ్మ సంగతి ఎవరూ ముట్టలేదు, నేను చెప్తా తమ్మీ.

నడవడానికి నిజంగా కర్ర అవసరమైనవాళ్ళు ఊతకర్ర తీసుకపోవచ్చు. ముసలివాళ్ళనూ, కాలు బాగలేనివాళ్ళనూ కర్ర లేకుండ నడవమని ఎవరూ అనరు. కర్రను కూడా ఎక్స్‌రేలో వేసి, చేత్తో తడిమి చూసి తిరిగి ఇస్తరు. అయితే అది ఊతకర్రలాగ ఉండాలె: పైన వంపు పిడి గానీ అడ్డపిడి గానీ, కింద వెడల్పు రబ్బరు పొన్ను. ట్రెక్కింగ్ పోల్‌కు నిలువు పిడి, మణికట్టు పట్టీ, కింద చక్రం, రబ్బరు కింద ముల్లు. రెండూ ఒకటి కాదని చూడంగనే తెలుస్తది. ఒకటే పోల్ పట్టుకపోయినా వాళ్ళ ఇష్టం మీద ఆధారపడ్డట్టే. జత పట్టుకపోతే అసలు నమ్మరు.

అమ్మకు నిజంగ కావాలంటే మెడికల్ షాపుల్లో దొరికే అల్యూమినియం ఊతకర్ర, అడ్డపిడిది, మీటతో ఎత్తు సర్దుకునేది కొనుండ్రి. మడతపెట్టేవి గూడ ఉన్నయి. మోకాళ్ళ గురించి డాక్టర్ రాసిన చీటీ ఫోన్‌ల కాకుండ కాయితం మీద పెట్టుకోండి. విమానంల ఎగిరేటప్పుడు, దిగేటప్పుడు కర్ర కాళ్ళ దగ్గర ఉంచనియ్యరు, పైన అరలో పెడ్తరు, దిగినంక ఇస్తరు. ఎయిర్‌పోర్టుల దూరం నడవలేదనుకుంటే బుకింగ్‌లోనే వీల్‌చెయిర్ అడగండి, గేటు దగ్గర అడిగితే ఆలస్యమైతది.

ఒక్క మాట మాత్రం. ఊతకర్ర రబ్బరు పొన్ను నున్నటి గచ్చు మీద పనికొస్తది, హేమకుండ్ దారిల వాన పడ్డ బండల మీద జారుతది. ఆ దారికి ముల్లున్న కర్రే కావాలె. ఎయిర్‌పోర్టుకు ఒక కర్ర, కొండకు ఇంకో కర్ర అనుకోండి.


జడ్చర్ల పోరడు:

అర్థమైంది అక్కా. అయితే ఒక చెక్-ఇన్ బ్యాగు కొంటం. కార్బన్ కర్రలు ఎట్ల కట్టాలెనో ఎవరన్న చెప్పుండ్రి. మా దగ్గర 60 లీటర్ల రక్‌సాక్ ఒకటి, చక్రాల సూట్‌కేసులు రెండు (ఒకటి క్యాబిన్ సైజు, ఒకటి మధ్యరకం) ఉన్నయి.


కోయిలకొండ కోట:

రక్‌సాక్‌కు బయట పోల్స్ కట్టే కొక్కేలు, పట్టీలు ఉంటాయి. అవి కొండ మీద నడిచేటప్పటికి. విమానానికి వాటి జోలికి పోవద్దు. బ్యాగు బెల్టు మీద మలుపు తిరిగేటప్పుడు బయటికి పొడుచుకొచ్చిన కర్ర అంచుకు తట్టుకుంటుంది, లేదా పక్క బ్యాగు దాని మీద పడుతుంది. అల్యూమినియం వంగుతుంది. కార్బన్ పక్కదెబ్బకు పుటుక్కున విరుగుతుంది. నిలువుగా బాగానే బరువు మోస్తుంది, అడ్డంగా మాత్రం ఆగదు, దాని పోగుల అల్లిక అలాంటిది.

కాబట్టి అన్నీ లోపలే. ముందు కొలతలు చూసుకో. క్యాబిన్ సూట్‌కేసు లోపలి కొలత సుమారు 50×33 సెం.మీ. మూల నుంచి మూలకు 60 సెం.మీ. దగ్గర. నీ 62 సెం.మీ. కర్ర దాంట్లో ఐమూలగా కూడా పట్టదు. మధ్యరకం సూట్‌కేసులో ఐమూలగా సులభంగా పడుతుంది. 60 లీటర్ల రక్‌సాక్‌లో అయితే నిలువుగా వీపు పక్కన పట్టాలి, ఒకసారి ఖాళీ సంచిలో పెట్టి చూసుకో. 37 సెం.మీ.ది ఎక్కడైనా సరే.

అల్యూమినియంవి కట్టే పద్ధతి:

అడుగు చక్రాలు తిప్పి ఊడదీయి. అవి ఉంటే కర్రలు రెండూ ఒకదానికొకటి అతకవు, మధ్యలో ఖాళీ మిగిలి అక్కడే వంగుతాయి. నాలుగు చక్రాలూ ఒక చిన్న కవర్లో వేసి ముడి వేసి షూలో కుక్కు. దారిలో పోయేవి ఎప్పుడూ ఇవే.

కర్రను పూర్తిగా లోపలికి నెట్టి తాళం వేయి. మీట తాళం రకమైతే మీటలు మూసి, రెండు కర్రల మీటలూ ఒకదానివైపు ఒకటి చూసేలా పెట్టు. మీట బయటివైపు ఉంటే ఏదైనా తట్టుకుని విరుగుతుంది, మీట విరిగిన కర్ర ఇక నిలబడదు. తిప్పుడు తాళం రకమైతే చేతికి కాస్త ఆనేంతే బిగించు. బలంగా బిగిస్తే లోపలి ప్లాస్టిక్ ముక్క వ్యాకోచించి గొట్టానికి పట్టేసి, గోవింద్‌ఘాట్‌లో ఇద్దరు పట్టుకుని తిప్పినా రాదు.

ముక్కలు పూర్తిగా ఊడదీస్తే చోటు కలిసొస్తుందనుకోకు. పిడి ఉన్న పై ముక్క పొడవు ఎలాగూ తగ్గదు. ఊడదీస్తే లోపల దుమ్ము పడటం, ముక్కలు తారుమారు కావడం అదనం.

ఒక కర్ర పిడి పైకి, ఇంకోదాని పిడి కిందికి పెట్టి జత చేయి. పిడులు లావు కాబట్టి ఇలా తిరగేస్తేనే రెండూ దగ్గరగా అతుకుతాయి. మొనలకు రబ్బరు టోపీలు తొడిగి, టోపీ మీద నుంచి గొట్టం దాకా పేపర్ టేపు రెండు చుట్లు. బ్రౌన్ టేపు వేస్తే జిగురు మిగిలి, దుమ్ము అంటుకుని, తర్వాత కర్ర లోపలికి జారనీయదు. పిడులకు టేపు అసలు తగలనీయకు, నురగ పిడి అయినా బెండు పిడి అయినా పొరలు లేచి వస్తుంది. మూడు చోట్ల రబ్బరు బ్యాండ్లు వేసి, పాత లుంగీనో తువ్వాలనో చుట్టు.

కార్బన్ మడత రకానికి కొంచెం ఎక్కువ జాగ్రత్త. దాని ముక్కల మధ్య లోపల తాడు ఉంటుంది. మడిచినప్పుడు తాడు కీళ్ళ దగ్గర బయటికి కనబడుతుంది. ఆ వంపుల్లో గట్టి వస్తువు ఏదీ ఇరుక్కోకూడదు, తాడు నలిగితే కర్ర విప్పినప్పుడు బిగువు రాదు. ముక్కల మధ్య సాక్సులు పెట్టి చుట్టు, గొట్టానికి గొట్టం రాసుకోకుండా. గీత పడ్డ కార్బన్ ఇంట్లో బాగానే ఉంటుంది, దిగుడులో బరువు పడ్డప్పుడు ఆ గీత దగ్గరే తెగుతుంది.

ఇంకా భద్రం కావాలంటే ప్లంబింగ్ సామాను కొట్లో 75 మి.మీ. పీవీసీ పైపు కార్బన్ జతకైతే 40 సెం.మీ., అల్యూమినియం జతకైతే 65 సెం.మీ. కోయించు. రెండు చివర్లకూ మూతలు అడుగు. జిగురు పెట్టొద్దు, మూత తొడిగి టేపు వేస్తే చాలు. సెక్యూరిటీ వాళ్ళు తెరవాలంటే తెరవగలగాలి. రెండు వైపులా జిగురుతో మూసిన పైపు ఎక్స్‌రేలో ఎలా కనబడుతుందో నువ్వే ఊహించుకో. కొనేముందు నీ కర్రల పిడులు పట్టుకుపోయి కొట్లోనే దూర్చి చూడు, లావు పిడులైతే 90 మి.మీ. తీసుకో.

బ్యాగులో కట్టను అడుగునా పైనా కాకుండా నడిమధ్యలో పెట్టి, చుట్టూ బట్టలు కుక్కు. సూట్‌కేసు గోడకు ఆనించి పెడితే బయట తగిలిన దెబ్బ నేరుగా దానికే తగులుతుంది. రక్‌సాక్ అయితే నడుము పట్టీ, భుజం పట్టీలు మడిచి కట్టేసి, మొత్తం ఒక గోనెసంచిలోనో పెద్ద కవర్లోనో వేసి మూతి కుట్టు. వేలాడే పట్టీలు బెల్టు రోలర్లలో చిక్కుకుంటాయి.


సాగర్ రోడ్డు:

కోట అన్న క్లాసు పీకిండు, మంచిగ. నేను పైసల సంగతి చెప్త.

చెక్-ఇన్ బ్యాగు ఇప్పుడే ఆన్‌లైన్ల కొను. ఎయిర్‌పోర్టు కౌంటర్‌ల కిలో లెక్కన గుంజుతరు, ముందుగ కొన్నదానికన్న మస్తు ఎక్కువ పడ్తది. ఐదుగురికీ అవసరం లేదు, ఒక్కరి పేరు మీద 15 కిలోలు చాలు. అల్యూమినియం జత అర కిలో లెక్కన రెండు జతలు కిలో, కార్బన్ జత నాలుగొందల గ్రాములనుకో. మూడు జతలూ కలిపి కిలోన్నర దాటవు. మిగిలిన 13 కిలోల్ల రెయిన్‌కోట్లు, బరువు షూలు, తిండి వేసుకుంటే అందరి చేతిసంచులూ తేలికైతయి. వాపసు వచ్చేటప్పటికి గూడ కొనుడు మర్చిపోకు. ఒక దిక్కే కొని, వాపసుల కౌంటర్ దగ్గర తన్నుకునుడు ఉంటది చానమందికి.

అసలు కర్రలు మోసుకపోవుడే వద్దనుకుంటే రిషికేశ్‌ల, జోషీమఠ్‌ల ట్రెక్కింగ్ సామాను కిరాయికిచ్చే కొట్లున్నయి. గోవింద్‌ఘాట్ దిక్కు యాత్రికుల కోసం కట్టె కర్రలు అమ్ముతరు. ఊకె పోయి వచ్చేటోళ్ళకు అవే మస్తు. కిరాయి పోల్ తీసుకునేటప్పుడు పొడవు సర్ది, తాళం వేసి, పూర్తి బరువు పెట్టి కిందికి నొక్కి చూడుండ్రి. కిందికి జారితే అది వద్దు. మొన ముల్లు అరిగి ప్లాస్టిక్ వరకు వచ్చిందా అన్నది గూడ చూడాలె. వాన కాలంల సీజన్ జోరుగుంటది, మంచియి ముందే పోతయి.

కట్టె కర్ర యాదికి ఇంటికి తెచ్చుకుందామనుకుంటే అదీ క్యాబిన్‌లకు రాదు. సలేశ్వరం జాతరకు పోయొచ్చినట్టు భుజం మీద వేసుకుని బస్సెక్కుడు కాదు ఇది.


దేవరకొండ టు డల్లాస్:

అమెరికాలో పిల్లల దగ్గరికి పోయేవాళ్ళు కూడా ఈ పేజీ చదువుతారు కాబట్టి నాలుగు మాటలు. అమెరికాలో టీఎస్‌ఏ (అక్కడ ఎయిర్‌పోర్టు తనిఖీ చేసే సంస్థ) లెక్క ప్రకారం కూడా మొన ఉన్న హైకింగ్ పోల్స్ క్యాబిన్‌లోకి రావు, చెక్-ఇన్‌లో పోతాయి. పదునున్నవి చెక్-ఇన్‌లో వేసేటప్పుడు కూడా చుట్టిగానీ, తొడుగు వేసిగానీ పెట్టమంటారు. బ్యాగు తెరిచి చూసేవాళ్ళ చేతికి గుచ్చుకోకుండా అన్నమాట. ఊతకర్ర తనిఖీ చేసి పంపుతారు. బ్రిటన్ ప్రభుత్వ జాబితాలో వాకింగ్ పోల్స్, హైకింగ్ పోల్స్ చేతిసామానులో వద్దని సూటిగా రాసి ఉంటుంది.

శంషాబాద్ నుంచి గల్ఫ్ మీదుగానో లండన్ మీదుగానో పోయేవాళ్ళు ఇంకోటి గమనించాలి. మధ్యలో దిగిన చోట చేతిసంచి మళ్ళీ ఎక్స్‌రేలో పోతుంది. చెక్-ఇన్ బ్యాగు అప్పటికే మీ చేతిలో ఉండదు, కర్రలు దాంట్లో వేయడం కుదరదు. శంషాబాద్‌లో గట్టెక్కినా అక్కడ వదిలేసుకోవాల్సిందే.

ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ పోయేవాళ్ళు మొనలకూ చక్రాలకూ ఉన్న మట్టి బ్రష్‌తో కడిగి ఆరబెట్టి, ఆ దేశంలోకి పోయేటప్పుడు నింపే ఫారంలో నడక సామాను ఉందని రాయాలి. షూ అడుగులు కూడా. మట్టి విషయంలో వాళ్ళు చాలా పట్టింపు మనుషులు, జరిమానాలు వేస్తారు.


మక్తల్ అక్క:

సాగర్ రోడ్డు తమ్ముడు తిండి అన్నడు గనుక, ఆ బ్యాగుల పెట్టకూడనియి గూడ రాస్త. కర్రల కోసం కొన్న బ్యాగుల అన్నీ కుక్కి ఇరుక్కుంటరు.

హారతి కర్పూరం వద్దు. కొండ మీద ఊపిరాడకుంటే వాసన చూస్తే మంచిదని మనోళ్ళు పొట్లాలు పొట్లాలు కట్టుకపోతరు. అంటుకునే పదార్థం కనుక చేతిసంచిలోనూ వద్దు, చెక్-ఇన్‌లోనూ వద్దు. దేవుని కోసమైతే రిషికేశ్‌ల కొనుక్కోండి. ఎండుకొబ్బరి చిప్పలు చెక్-ఇన్‌ల వెయ్యొద్దు, నూనె ఉండి తనంతట తానే వేడెక్కే గుణం ఉన్నదని ఆపుతరు. అగ్గిపెట్టె, లైటర్ రెండు చోట్లా వద్దు. చిన్న గ్యాస్ స్టవ్ డబ్బాలు, దుకాణంల అమ్మే ఆక్సిజన్ డబ్బాలు గూడ అంతే, అక్కడ దిగినంక చూసుకోవాలె.

పవర్ బ్యాంకు దీనికి ఉల్టా. అది చేతిసంచిలోనే ఉండాలె, చెక్-ఇన్‌ల పెడితే పిలిచి తీయిస్తరు. 20,000 ఎంఏహెచ్‌ది 74 వాట్-అవర్లు, 100 లోపు గనుక ఇబ్బంది లేదు. చాకు, చిన్న కత్తెర, టెంట్ మేకులు, మంచుకు బూట్ల కింద తొడిగే ముళ్ళ గొలుసులు ఉంటే కర్రలతోపాటు చెక్-ఇన్‌ల వెయ్యండి.

కారప్పొడి చేతిసంచిలో పంపరు, తొక్కు గూడ నూనె ఉంటది గనుక రెండూ చెక్-ఇన్‌లనే వెయ్యండి. కానీ తొక్కు ప్యాకెట్, కర్రలు ఒక్కదగ్గర పెట్టకండి. టోపీ ఊడి మొన తగిలిందంటే ఐదుగురి రెయిన్‌కోట్లు ఆవకాయ వాసనే. తొక్కు స్టీలు డబ్బాల గాకుండ గట్టి ప్లాస్టిక్ డబ్బాల పోసి, మూతి కింద కవర్ పెట్టి బిగించి, దానికి వేరే సంచి వెయ్యండి.


జడ్చర్ల పోరడు:

కర్పూరం మాట మంచిగ చెప్పిన్రు అక్కా, అమ్మ ఆల్రెడీ పావుకిలో కొన్నది. ఇంట్లనే పెట్టేస్తం.

15 కిలోలు రెండు దిక్కులా కొన్న. రెండు చివరి డౌట్లు. బ్యాగు డెహ్రాడూన్‌ల చేతికి వచ్చినంక కర్ర పాడైతే ఎవర్ని అడగాలె? ఇంకోటి, అమ్మకు పొడవు ఎంత పెట్టాలె? ఆమె ఎత్తు 152 సెం.మీ.


కోయిలకొండ కోట:

బయటికి వచ్చాక అడిగితే లాభం లేదు. బెల్టు దగ్గర బ్యాగు తీసుకోగానే అక్కడే పక్కన తెరిచి కట్ట విప్పి చూడు. విరిగితే ఆ హాలు దాటకముందే ఎయిర్‌లైన్ కౌంటర్‌లో ఫిర్యాదు పత్రం రాయించుకుని నకలు తీసుకో, పీఐఆర్ అంటారు దాన్ని. కట్టే ముందు, కట్టిన తర్వాత ఫోన్లో ఫోటోలు తీసి పెట్టుకో, బ్యాగు ట్యాగు కూడా. సున్నితమైన వస్తువు అని తప్పించుకునే అవకాశం వాళ్ళకు ఉంటుంది, అందుకే కట్టడం మీదే ఎక్కువ నమ్మకం పెట్టు.

కార్బన్ చూసే పద్ధతి: గోటితో గొట్టం పొడవునా మెల్లగా రాయి. గోరు ఎక్కడైనా తట్టుకుంటే వెలుగులో చూడు. పోగు లేచి కనబడితే ఆ కర్ర మీద దిగుడులో బరువు వేయకు. పైపైన రంగు గీత అయితే ఫర్వాలేదు. తర్వాత పూర్తిగా విప్పి, తాళం పడిందో లేదో చూసి, చేతులు రెండూ పిడి మీద పెట్టి కిందికి నొక్కు.

అల్యూమినియంవి జారుతుంటే ఊడదీసి, పొడి గుడ్డతో గొట్టం లోపలా, ప్లాస్టిక్ ముక్క మీదా తుడువు. నూనె గానీ గ్రీజు గానీ వేయకు. తాళం నిలిచేదే రాపిడి వల్ల, నూనె వేస్తే ఆ రాపిడి పోతుంది. గొట్టం మీద ఆగమని గీసిన గుర్తు ఉంటుంది, ఆ గుర్తు దాటి బయటికి లాగొద్దు.

పొడవుకు ఎత్తును 0.68తో గుణిస్తే సుమారుగా సరిపోతుంది. అమ్మకు 103 సెం.మీ. వస్తుంది. షూ వేసుకుని నిలబడి పిడి పట్టుకుంటే మోచేయి మూలమట్టంగా వంగాలి, అలా వంగితే సరే. ఎక్కేటప్పుడు 5 సెం.మీ. తగ్గించు, దిగేటప్పుడు 5 నుంచి 10 పెంచు. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకు దిగుడులోనే కర్ర అవసరం ఎక్కువ. గోవింద్‌ఘాట్ పైన మజిలీ ఊరు ఘాంఘ్రియా నుంచి హేమకుండ్ 6 కిలోమీటర్లు, అంతా నిట్టనిలువు ఎక్కుడు, వచ్చేటప్పుడు అదంతా దిగాలి. దిగేముందు అమ్మ కర్రల పొడవు నువ్వే సర్ది ఇవ్వు. పట్టీలోకి చెయ్యి కిందినుంచి పైకి దూర్చి, పట్టీతో కలిపి పిడి పట్టుకోమను.

కార్బన్ మడత జత అమ్మకు ఇచ్చే ముందు ఒకటి చూసుకో. మడత రకాల్లో కొన్నింటికి పొడవు సర్దే వీలే ఉండదు, 110 అంటే 110 అంతే. నీది అలాంటిదైతే అమ్మకు అల్యూమినియందే ఇవ్వు.


జడ్చర్ల పోరడు:

చూసిన అన్నా. 120 అని రాసి ఉన్నది, సర్దేది లేదు. అమ్మకు అల్యూమినియంది, కార్బన్‌ది నాకు.